ఇంటికే లైటు తీసుకెళ్ళి చంటిపిల్లల ఫొటోలు తీయడం ఎలా

పోయిన ఎండాకాలం గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంటికి ఫొటోలు తీయడానికి వెళ్ళాను. తొమ్మిది నెలల పాప. నేను లైటు సర్దుకుని, వాళ్ళమ్మ పట్టుగౌను తొడిగి, బొంత మీద కూర్చోబెట్టేసరికి అరగంట పట్టింది. పాప మాత్రం నేను కెమెరా కంటికి ఆనించుకునేలోపే బోర్లాపడి పాక్కుంటూ టీవీ స్టాండు దగ్గరికి వెళ్ళిపోయింది. అమ్మమ్మ ఎత్తుకొచ్చి కూర్చోబెట్టింది, మళ్ళీ వెళ్ళింది, మూడోసారి ఎత్తుకొచ్చేసరికి ఏడుపు మొదలైంది. ఇక తీసుకురావొద్దమ్మా అని చెప్పి, నేనే లైటు ఎత్తుకెళ్ళి టీవీ స్టాండుకి ఆరడుగుల దూరంలో పెట్టి, కొంచెం పవర్ పెంచి, నేల మీద పడుకున్నాను. పాప ఆ స్టాండు పట్టుకుని లేచి నిలబడి, ఎవరైనా చూశారా లేదా అన్నట్టు వెనక్కి తిరిగింది. ఇప్పుడు వాళ్ళ హాల్లో గోడకున్న ఫొటో అదే.

ఇక్కడ నేను చెప్పబోయేదంతా ఆ పని గురించే. పిల్లని లైటు ముందు కదలకుండా కూర్చోబెట్టాలని చూడకండి, పిల్ల ఎక్కడెక్కడ తిరుగుతుందో ఆ చోటంతా ఫొటోకి పనికొచ్చేలా లైటు పెట్టుకోండి. పాతకాలంలో స్టూడియోకి తీసుకెళ్ళి స్టూలు మీద కూర్చోబెట్టేవాళ్ళు, లైట్లు అక్కడే పాతుకుపోయి ఉండేవి, కాబట్టి పిల్లే సర్దుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు లైటు సంచిలో పట్టేస్తోంది. బారసాల, అన్నప్రాసన, మొదటి పుట్టినరోజు ఇవన్నీ ఇంట్లోనే జరుగుతాయి, పైగా బాలింతరాలు పుట్టింట్లో ఉంటుంది, నెలల పిల్లని ఎండలో బయటికి తిప్పడం ఎవరికీ ఇష్టం ఉండదు. మనమే వెళ్ళాలి. సొంత పిల్లల ఫొటోలు తీసుకోవాలనుకునే అమ్మానాన్నలకీ, విజయవాడ, గుంటూరు వైపు ఇళ్ళకెళ్ళి తీయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకీ ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

సంచిలో ఏం ఉండాలి

ఒక్క ఫ్లాష్ చాలు. నిజంగా చాలు. కెమెరా నెత్తిన తగిలించే మామూలు ఫ్లాషే, కాకపోతే దాన్ని అక్కడ నుంచి దించి స్టాండ్ మీద పెట్టి, కెమెరా మీద ట్రిగ్గర్ (ఫ్లాష్‌కి వైరు లేకుండా సిగ్నల్ పంపే చిన్న పెట్టె) పెట్టుకుని దూరం నుంచి వెలిగించాలి. గోడాక్స్ టీటీ600 లాంటివి నాలుగు ఏఏ సెల్స్‌తో నడుస్తాయి, ట్రిగ్గర్ సిగ్నల్ అందుకునే ఏర్పాటు వాటి లోపలే ఉంటుంది. రీచార్జి సెల్స్ రెండు సెట్లు పెట్టుకోండి, మామూలు సెల్స్ వేస్తే కాసేపటికే ఫ్లాష్ మళ్ళీ రెడీ అవడానికి ఐదారు సెకన్లు తీసుకుంటుంది, ఈలోపు పిల్ల నవ్వు అయిపోతుంది. వారానికి రెండు మూడు ఇళ్ళు తిరిగేవాళ్ళు లిథియం బ్యాటరీతో వచ్చే 200 వాట్ సెకన్ల (ఇది ఫ్లాష్ బలం లెక్క) గోడాక్స్ ఏడీ200 లాంటిది కొనుక్కుంటే పెద్ద సాఫ్ట్‌బాక్స్‌లో (వెలుతురుని మెత్తబరిచే తెల్లగుడ్డ పెట్టె) కూడా హాయిగా సరిపోతుంది. మొదట్లోనే అక్కర్లేదు.

ఏడడుగుల దాకా లేచే స్టాండ్ ఒకటి, దానికి ఫ్లాష్ బిగించే ఎస్ బ్రాకెట్ ఒకటి, గొడుగులా ముడుచుకునే 90 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్ ఒకటి, తెల్ల గొడుగు ఒకటి. ఇవి కాక నేను తప్పకుండా పెట్టుకునేవి మూడున్నాయి. సగానికి కోసిన థర్మాకోల్ షీటు, ఉతికిన తెల్ల పంచె, రెండు లీటర్ల ఖాళీ నీళ్ళ సీసా. సీసా ఎందుకంటే, వాళ్ళింట్లో నీళ్ళు నింపి స్టాండ్ కాళ్ళ మధ్య తాడుతో వేలాడదీస్తే రెండు కిలోల బరువు పడుతుంది, స్టాండ్ తూలదు. ఇసుక సంచి మోసుకుంటూ స్కూటీ మీద బెంజి సర్కిల్ దాటాల్సిన పని లేదు. బట్టల క్లిప్పులు డజను పడేసుకోండి, ఎక్కడో ఒకచోట పనికొస్తాయి.

ఎల్ఈడీ లైటు కొనాలా ఫ్లాష్ కొనాలా అని చాలామంది అడుగుతారు. ఎల్ఈడీలో వెలుతురు ఎలా పడుతుందో కళ్ళకి కనిపిస్తుంది, వీడియోకి కూడా పనికొస్తుంది, ఆ మాట నిజమే. కానీ ఫొటోకి సరిపడేంత వెలుతురు కావాలంటే దాన్ని గట్టిగా పెంచాలి, అంత వెలుతురు అదేపనిగా మొహం మీద పడుతుంటే పిల్లలు కళ్ళు చికిలించుకుంటారు, కాసేపటికి చిరాకు పడతారు. తక్కువ రకం ఎల్ఈడీలతో ఇంకో బాధ ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, ఆ లైట్లు సెకనుకి వంద సార్లు మిణుకుమంటాయి, కంటికి తెలియదు గానీ షట్టర్ కాస్త వేగంగా పెడితే ఫొటోలో అడ్డ చారలు పడతాయి. అదే ఫ్లాష్ అయితే సెకనులో కొన్ని వేల వంతు మాత్రం వెలిగి ఆరిపోతుంది, చప్పట్లు కొడుతున్న చేతులు కూడా చెరిగిపోకుండా పడతాయి. కదిలే పిల్లలకి ఫ్లాషే నా ఓటు.

గదిలో అడుగుపెట్టగానే పైకి చూడండి

ముందు ఫ్యాను చూడండి. దీని గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక ఇంట్లో రెండు నెలల బాబుకి ఫొటోలు తీస్తున్నాను. కరెంటు పోయింది, మన ఫ్లాష్ బ్యాటరీది కదా, పని ఆగదులే అని గొడుగు తెరిచి స్టాండ్ పైకి లేపాను, అది సరిగ్గా ఫ్యాను కింద ఉంది. ఐదు నిమిషాలకి కరెంటు వచ్చింది. ఫ్యాను స్విచ్ వేసే ఉంది. రెక్క వేగం అందుకునేసరికి గొడుగు పుల్లకి టప్పున తగిలింది, స్టాండ్ అటు పక్కకి పడిపోయింది. బాబు ఇటు పక్క మంచం మీద వాళ్ళ నాయనమ్మ ఒళ్ళో ఉన్నాడు, మూడడుగుల దూరం. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ మూడడుగులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

అందుకని కరెంటు ఉన్నా లేకపోయినా స్విచ్ దగ్గరికెళ్ళి ఫ్యాను ఆపండి. మన ఇళ్ళలో ఫ్యాను చాలావరకు 1200 మిల్లీమీటర్లది, అంటే నడిమి నుంచి రెండడుగులు అటూ ఇటూ తిరుగుతుంది, దానికి గొడుగు వెడల్పు కూడా కలుపుకోండి, స్టాండ్ ఫ్యాను నడిమి నుంచి కనీసం ఐదడుగులు పక్కకి ఉండాలి. ఫ్యాను ఆపితే మే నెలలో పిల్ల ఉడికిపోతుంది కదా అంటే, ఏసీ ఉంటే ఆ గదిలో తీయండి, గాలి నేరుగా పిల్ల మీద కొట్టకుండా చూసుకోండి. లేదంటే పొద్దున తొమ్మిదిలోపు ముగించుకోండి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట ఫొటోలు పెట్టుకోవడం పిల్లకీ మంచిది కాదు, ఫ్లాష్‌కీ మంచిది కాదు. ఇంకో సంగతి, ఏసీ గదిలో ఉన్న కెమెరాని డాబా మీదికో పెరట్లోకో తీసుకొస్తే లెన్సు మీద మంచు పట్టినట్టు ఆవిరి కమ్ముతుంది. సంచి జిప్పు తీయకుండా కాసేపు ఆగితే సర్దుకుంటుంది.

తర్వాత గోడల రంగు చూడండి. లేత ఆకుపచ్చ, గులాబీ, నారింజ, మన ఇళ్ళలో లేని రంగంటూ ఉండదు. తెల్ల గొడుగు పెడితే వెలుతురు నాలుగు పక్కలకీ చిమ్ముతుంది, ఆకుపచ్చ గోడకి తగిలి వెనక్కి వచ్చి పిల్ల బుగ్గ మీద పడుతుంది, అప్పుడు మీరెంత ఎడిట్ చేసినా ఒక బుగ్గ పసరు రంగులోనే ఉంటుంది. రంగు గోడల గదిలో సాఫ్ట్‌బాక్స్ వాడండి, అది వెలుతురుని ఒక పక్కకే పంపుతుంది. గోడలు తెల్లగా ఉంటే గొడుగు బంగారం, గదంతా మెత్తగా నిండిపోతుంది. సీలింగ్ తెల్లగా ఉండి, మరీ ఎత్తులో లేకపోతే ఫ్లాష్‌ని నేరుగా పైకి తిప్పి కొట్టడం కూడా మంచి పద్ధతే, అది నడిచే పిల్లలకి బాగా పనికొస్తుంది, ఆ సంగతి కింద చెబుతాను.

నేల సంగతి కూడా. టైల్స్, గ్రానైట్ అద్దంలా మెరుస్తాయి, లైటు ప్రతిబింబం తెల్ల మచ్చలా కనిపిస్తుంది. బొంతో దుప్పటో పరవండి, చారలూ బొమ్మలూ లేనిది అయితే మేలు. వెనక తెరకి నేను ఎక్కువగా వాడేది మంగళగిరి నూలు చీర. అంచు బాగుంటుంది, మెరవదు, ప్రతి ఇంట్లో ఏదో ఒక బీరువాలో ఉంటుంది, అమ్మమ్మ చీరే అయితే ఆ ఫొటోకి ఇంకో విలువ వస్తుంది. పట్టు, సింథటిక్ చీరలు లైటుకి జిగేలుమంటాయి, వద్దు. చీరని తాడు మీద క్లిప్పులతో వేలాడదీసి, పిల్లని దానికి నాలుగడుగుల ముందు ఉంచండి, ముడతలు కనపడవు.

నల్ల ఫొటో

గదిలో లైట్లన్నీ ఆపేయండి. ట్యూబ్‌లైటు, బల్బు, పీఓపీ సీలింగులో దాచిన పసుపు లైట్లు కూడా. వాటి రంగు వేరు, ఫ్లాష్ రంగు వేరు, రెండూ కలిస్తే మొహం ఒక రంగు, మెడ ఇంకో రంగు అవుతుంది. కెమెరా మాన్యువల్‌లో (అన్నీ మనమే పెట్టుకునే పద్ధతి) పెట్టుకుని షట్టర్ సెకనులో 1/160వ వంతు, అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే దారి) ఎఫ్ 5.6, ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుని పట్టే గుణం) 200 పెట్టండి. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా వచ్చేలా రంగులు సరిచేసే సెట్టింగ్) ఆటోలో వదలకండి, ఫ్లాష్ గుర్తు మీదో 5500 కెల్విన్ మీదో ఆపేయండి.

ఇప్పుడు ఫ్లాష్ వెలిగించకుండా ఒక ఫొటో తీయండి. నల్లగా రావాలి. నల్లగా వచ్చిందంటే ఆ గదిలో ఇకనుంచి ఫొటోలో కనిపించే ప్రతి వెలుతురూ మీ ఫ్లాష్‌దే, ఇంకెవరిదీ కాదు. కిటికీ వెలుతురు కనిపిస్తుంటే తెర వేయండి. షట్టర్ 1/200 దాటించి నల్లగా చేద్దామనుకోకండి, చాలా కెమెరాల్లో 1/200, 1/250 దాటాక సెన్సర్ మొత్తం ఒకేసారి తెరుచుకుని ఉండే క్షణమే ఉండదు, ఫొటోలో ఒక పక్క నల్లటి పట్టీ పడుతుంది. ఆ తర్వాత ఫ్లాష్ 1/16 పవర్‌లో (పూర్తి బలంలో పదహారో వంతు) పెట్టి మీ అరచేతిని పిల్ల ఉండబోయే చోట పెట్టి ఒక ఫొటో తీయండి. చీకటిగా ఉంటే 1/8, ఎక్కువైతే 1/32. ఇదంతా పిల్ల పక్క గదిలో పాలు తాగుతుండగా జరిగిపోవాలి. పిల్ల వచ్చాక లైటుతో కుస్తీ పడుతుంటే ఉన్న ఓపికంతా అక్కడే అయిపోతుంది.

చాప మీద పరీక్ష

అసలు సంగతి ఇక్కడుంది. పాకే పిల్లలకైనా, తప్పటడుగుల పిల్లలకైనా నేను నేల మీద ఒక చాప వేస్తాను. ఆ చాప మీద పిల్ల ఏ మూలకి వెళ్ళినా ఫొటో రావాలి, అదే లెక్క.

లైటు దగ్గరగా ఉంటే మెత్తగా ఉంటుందని అందరూ చెబుతారు. నిజమే, పిల్ల మొహంతో పోలిస్తే లైటు ఎంత పెద్దగా కనిపిస్తే నీడ అంచు అంత మెత్తబడుతుంది. కానీ దూరం రెట్టింపు అయితే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది, దీన్ని మరిచిపోతారు. లైటు చాప అంచుకి ఒక మీటరు దూరంలో ఉందనుకోండి, చాప వెడల్పు కూడా ఒక మీటరే అనుకోండి. అవతలి అంచు లైటుకి రెండు మీటర్ల దూరం, అక్కడికి నాలుగో వంతు వెలుతురే చేరుతుంది. పిల్ల ఒక్క మీటరు పాకితే ఫొటో చీకటైపోయింది. అదే లైటుని చాప అంచుకి రెండు మీటర్ల దూరానికి జరిపితే అవతలి అంచు మూడు మీటర్లలో ఉంటుంది, అక్కడికి దగ్గరి అంచు మీద పడేదాంట్లో సగానికి కాస్త తక్కువ వెలుతురు చేరుతుంది. ఆ తేడాని రా (RAW) ఫైలులో, అంటే కెమెరా మార్పులు చేయకుండా దాచే అసలు ఫైలులో, తేలిగ్గా సరిచేసుకోవచ్చు.

వెనక్కి జరిపితే నీడ గట్టిపడుతుంది కదా అంటే, అవును, అందుకే చాప మీద పాకే, తప్పటడుగుల పిల్లలకి 90 సెంటీమీటర్లది కాకుండా 120 సెంటీమీటర్లది దొరికితే అది వాడండి. ఇంకో చిన్న పని చేయండి, దీనితో చాలా తేడా వస్తుంది. సాఫ్ట్‌బాక్స్ మొహాన్ని చాప మధ్యకి కాకుండా అవతలి అంచు వైపుకి తిప్పండి. అప్పుడు నడిమి నుంచి వచ్చే గట్టి వెలుతురు దూరంగా వెళ్తుంది, దగ్గరున్నవాళ్ళ మీద అంచు నుంచి వచ్చే పలచటి వెలుతురు పడుతుంది, రెండు చోట్లా దాదాపు సమానమైపోతుంది. మన పాత ఇళ్ళ వసారాలో మధ్యాహ్నం పూట ఎండ నేరుగా పడకుండా పక్క నుంచి తగిలే వెలుతురు గుర్తుందా, అదే.

ఇక పరీక్ష. ఒక దిండు తీసుకోండి. చాప నాలుగు మూలల్లో ఒక్కోచోటా దిండు నిలబెట్టి ఒక్కో ఫొటో, నడిమిలో ఒకటి. మొత్తం ఐదు. వరసగా కెమెరా తెర మీద చూడండి. ఏ మూల చీకటిగా ఉందో అటు సాఫ్ట్‌బాక్స్ కాస్త తిప్పండి, ఇంకా సరిపోకపోతే ఎదురుగా థర్మాకోల్ నిలబెట్టండి, అది వెలుతురుని ఆ మూలకి వెనక్కి కొడుతుంది. ఐదు ఫొటోల్లో దిండు ఒకేలా కనిపించేదాకా పిల్లని పిలవకండి. రెండు మీటర్లకి జరిపాక 1/16 చాలదు, పవర్ 1/8కి పెంచి ఐఎస్ఓ 400 చేయండి, ఫ్లాష్ మీద భారం పడదు, వెంటవెంటనే వెలుగుతుంది.

వయసుని బట్టి

పుట్టిన మొదటి నెలలో పిల్ల ఎక్కడికీ వెళ్ళదు, కాబట్టి ఇక్కడ లైటు దగ్గరగా, మూడడుగుల్లో పెట్టొచ్చు. పడుకున్న పిల్లకి లైటు తల వైపు నుంచి కాళ్ళ వైపుకి రావాలి. కాళ్ళ వైపు నుంచి వస్తే ముక్కు నీడ నుదుటి మీదికి ఎక్కుతుంది, అంత ముద్దు మొహమూ వేరేలా కనిపిస్తుంది. లైటు సరిగ్గా పిల్ల పైన ఉండేలా మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, ఎంత బిగించినా వద్దు, ఎప్పుడూ పక్కకే. పిల్లకి అందేంత దగ్గర్లో ఒక పెద్దవాళ్ళు చెయ్యి సిద్ధంగా పెట్టుకుని ఉండాలి. ఇంటర్నెట్‌లో కనిపించే గడ్డం కింద చేతులు పెట్టుకున్న భంగిమలు, బుట్టలో వేలాడే భంగిమలు ప్రయత్నించకండి. అవి చాలావరకు రెండు ఫొటోలు కలిపి చేసినవి, పసిమెడకి ఆ బలం ఉండదు. చేటలో మెత్తటి పాత చీర మడతేసి పడుకోబెడితే చాలు, మన ఇంటి ఫొటోలా ఉంటుంది. కడుపు నిండా పాలు తాగి నిద్రపోయిన అరగంటా మీది.

ఐదారు నెలలు దాటి కూర్చునే పిల్లలు నాకు అన్నిటికంటే ఇష్టం. అన్నప్రాసన ఫొటోలన్నీ ఈ వయసువే. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు స్టాండ్ ఎత్తు. పెద్దవాళ్ళకి పెట్టిన ఎత్తులోనే వదిలేస్తారు. పిల్ల నేల మీద కూర్చుని ఉంటుంది, కూర్చున్నాక పైకి చూడదు, తన ముందున్న బొమ్మనో తన కాలి వేళ్ళనో చూసుకుంటుంది. లైటు పైనెక్కడో ఉంటే కనుబొమ్మల నీడ కళ్ళలో పడి, కళ్ళు రెండూ నల్ల గుంటల్లా వస్తాయి. స్టాండ్ కిందికి దించండి, సాఫ్ట్‌బాక్స్ నడిమి భాగం పిల్ల తల కంటే ఒక అడుగు మాత్రమే పైన ఉండాలి. పిల్ల ముందు నేల మీద తెల్ల పంచె పరవండి. వంగి చూసినప్పుడు ఆ తెలుపు నుంచి వెలుతురు లేచి గడ్డం కిందా కళ్ళలోనూ పడుతుంది. మీరు కూడా బోర్లా పడుకోండి, లెన్సు పిల్ల కంటికి సమానంగా ఉండాలి. ఫొటో పెద్దది చేసి కంటి పాప చూడండి, అందులో పైన పది గంటల వైపో రెండు గంటల వైపో చిన్న తెల్ల చతురస్రం మెరుస్తుంటే లైటు సరైన చోట ఉన్నట్టే.

కొండపల్లి బొమ్మ పెడితే ఫొటో భలే ఉంటుంది, పెట్టండి, కానీ ఈ వయసులో ఏదైనా నోట్లోకే వెళ్తుంది, చెక్కకి రంగు వేసిన బొమ్మ కదా, అందకుండా ఓ పక్కన పెట్టి తీయండి. చేతికి మాత్రం కడిగిన స్టీలు గిన్నె, గరిటె ఇవ్వండి, వాయించుకుంటూ కూర్చుంటారు.

నడిచే పిల్లలు, పరిగెత్తే పిల్లలు చాపని కూడా లెక్కచేయరు. వాళ్ళకి తెల్ల సీలింగుకి కొట్టే పద్ధతే మేలు. స్టాండ్‌ని గది మూలలో పెట్టి, గొడుగూ సాఫ్ట్‌బాక్సూ తీసేసి, ఫ్లాష్ మొహం పైకి తిప్పి, 1/4 పవర్‌లో, ఐఎస్ఓ 400 లేదా 800లో. సీలింగే పెద్ద లైటు అయిపోతుంది, గదిలో ఎటు పరిగెత్తినా ఒకటే వెలుతురు. ఫొటోలో లోతు కాస్త తగ్గుతుంది, కళ్ళలో మెరుపు కూడా అంతగా ఉండదు, అది ఒప్పుకోవాలి. కానీ మంచం మీద నుంచి నాన్న మీదికి దూకుతున్న మూడేళ్ళవాడి ఫొటో గాల్లో ఉండగా దొరుకుతుంది. సాయంత్రం పూట కృష్ణ ఒడ్డున తీద్దామంటే ఈ వయసువాళ్ళతోనే కుదురుతుంది, అయితే అక్కడ గాలికి సాఫ్ట్‌బాక్స్ తెరచాపలా లేస్తుంది, స్టాండ్ పట్టుకోవడానికే ఒక మనిషి కావాలి, నీళ్ళ సీసా బరువు చాలదు.

ఒంటి రంగు, కాటుక, నూనె

‘కాస్త తెల్లగా రావాలండీ’ అని ఎవరో ఒకరు అడుగుతారు. నేను నవ్వుతూనే కుదరదని చెబుతాను. పవర్ పెంచి తెల్లబరిస్తే ముందు పోయేది బుగ్గ మీది నూగు, తర్వాత చెవి వెనక మడత, తర్వాత పెదవుల రంగు. చామనఛాయ పిల్ల చామనఛాయగానే రావాలి, పెద్దయ్యాక తన మొహం తను చూసుకోవాలి కదా. కెమెరాలో వెలుగు ఎక్కువైన చోట మెరిసే హెచ్చరిక పెట్టుకోండి, నుదుటి మీద మెరిసిందంటే పవర్ తగ్గించండి.

నూనె మర్దన, నలుగు, స్నానం అయ్యాక పిల్ల ఒళ్ళు నిగనిగలాడుతుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ ఫ్లాష్‌కి నుదురు, ముక్కు తెల్ల చుక్కల్లా పేలతాయి. మెత్తటి నూలు గుడ్డతో అద్దండి, పౌడరు చల్లకండి, అది ముక్కులోకి పోతుంది. సాంబ్రాణి పొగలో ఫొటో తీయమని కూడా అడుగుతారు, వెనక నుంచి లైటు పడితే ఆ పొగ అందంగా ఉంటుందని నాకూ తెలుసు, మూసిన గదిలో పసిపిల్ల ఊపిరితిత్తుల్లోకి ఆ పొగ వెళ్తుందనీ తెలుసు. తీయను. దిష్టిచుక్క బుగ్గ మీద పెట్టినా పాదం మీద పెట్టినా ఉంచేయండి, ఎడిట్‌లో తీసేయకండి, అది ఆ ఇంటివాళ్ళు పెట్టుకున్నది. కంట్లో కాటుక మాత్రం వద్దని చెప్పండి, పిల్లల డాక్టర్లు కూడా వద్దంటారు, చుక్కతో సరిపెట్టమనండి.

ఫ్లాష్ కళ్ళకి మంచిదేనా

నాయనమ్మలు అడిగే ఈ ప్రశ్నకి విసుక్కోకుండా జవాబు చెప్పాలి. మామూలు కెమెరా ఫ్లాష్ వల్ల పిల్లల కంటికి హాని జరుగుతుందని తేలలేదు, వెలిగేది రెప్పపాటు కంటే తక్కువసేపు, మనం వాడేది అందులోనూ పూర్తి పవర్ కాదు, కొంత వంతే, అదీ తెల్లగుడ్డ వెనక నుంచో సీలింగుకి కొట్టో. ఆ మాటలు చెప్పి ఊరుకోకుండా ఫ్లాష్‌ని ముందు పెద్దావిడ అరచేతి మీద వెలిగించి చూపించండి, భయం సగం పోతుంది. కానీ పిల్ల రెండుసార్లు ఉలిక్కిపడితే ఫ్లాష్ ఆపేసి కిటికీ దగ్గరికి వెళ్ళండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, ఫిట్స్ వచ్చిన పిల్లలు అయితే వాళ్ళ డాక్టర్ని అడగకుండా ఫ్లాష్ వాడొద్దు, ఈ సంగతి ఫోన్లో మాట్లాడుకునేటప్పుడే కనుక్కోండి.

ఇదే సందర్భంలో ఇంకో మాట. ఇంట్లో ఫోన్ ఫ్లాష్‌తో తీసిన ఫొటోల్లో పిల్లకి ఒక కంట్లో ఎరుపు, రెండో కంట్లో తెల్లటి మెరుపు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంటే ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకి చూపించమనండి. ఒక్కోసారి చూపు కోణం వల్ల అలా పడొచ్చు, ఒక్కోసారి శుక్లం గానీ, కంటిలో కణితి గానీ కారణం కావచ్చు, తొందరగా తెలిస్తే చూపూ ప్రాణమూ నిలుస్తాయి. లైటు పక్కన పెట్టి తీసే మన పద్ధతిలో కంటి పాప ఎర్రబడదు, అందుకే ఇది మన ఫొటోల్లో దొరకదు, వాళ్ళ ఫోన్ ఫొటోల్లో చూడాలి.

పిల్ల వచ్చాక

ముందు పిల్లని లైటుతో పరిచయం చేయండి. ఏడాది దాటినవాళ్ళనైతే సాఫ్ట్‌బాక్స్ గుడ్డ తట్టనివ్వండి, ఫ్లాష్ 1/128లో పెట్టి సీలింగు వైపు వెలిగించి ‘మెరుపొచ్చింది!’ అనండి, రెండుసార్లు చేస్తే మూడోసారి వాళ్ళే ‘మళ్ళీ’ అంటారు. తర్వాత గదిలో ఎవరెవరు ఉండాలో తేల్చండి. అత్తయ్య ఓ పక్క చిటికెలు, మామయ్య ఇంకో పక్క గిలక్కాయ, తాతయ్య గుమ్మంలో నుంచి పేరు పెట్టి పిలుపు, ఇలా అయితే పిల్ల చూపు నిలవదు. ఒక్కరే పిలవాలి, ఆ ఒక్కరూ మీ భుజం వెనక, లెన్సుకి జానెడు పైన ఉండాలి. నా అనుభవంలో ఆ పనికి అమ్మ కంటే నాన్నో అక్కో మేలు, అమ్మ కనిపిస్తే పిల్ల ఎత్తుకోమని చేతులు చాస్తుంది. ఆ చేతులు చాచిన ఫొటో కూడా ఒకటి తీసి, తర్వాత అమ్మని పక్కకి పంపండి.

ఇరవై నిమిషాలు. అంతకంటే సాగదీయకండి. కళ్ళు నలుపుకున్నా, చెవి లాక్కున్నా నిద్రొస్తున్నట్టు, మీరే ముందు ఆపేయండి. అప్పటికి నాలుగు మంచి ఫొటోలు దొరికి ఉంటే చాలు, దొరకకపోతే నిద్ర లేచాక చూద్దాం, లైటు అక్కడే ఉంటుంది, చాప అక్కడే ఉంటుంది, సెట్టింగ్స్ మార్చాల్సిన పని లేదు.

సర్దుకునేటప్పుడు ముందు సీసాలో నీళ్ళు కుండీలో పారబోసి, స్టాండ్ పూర్తిగా కిందికి దించాకే ఫ్లాష్ ఊడదీయండి. సెల్స్ బయటికి తీసి విడిగా పెట్టండి, ఎండలో ఆపిన బండి డిక్కీలో ఫ్లాష్ వదలకండి. ఫ్యాను మళ్ళీ వేయండి. మర్చిపోతారు.